మా తమ్ముడు జేబుల్లోంచి చేతులు తీయడం లేదు, ఏమి మాట్లాడాలో తెలియడం లేదు

తుంగతీరం
ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. పెళ్ళయ్యాక ఎనిమిదేళ్ళుగా బెంగళూరులో, బీటీఎం లేఅవుట్‌లో ఉంటున్నాం. రాస్తున్నది మా తమ్ముడి గురించి. వాడికి ఇరవై ఆరేళ్ళు. రెండేళ్ళ కిందట కుడిచేతి బొటనవేలి గోరు పక్కన చిన్న తెల్లచుక్క వచ్చింది. సున్నం అంటిందేమో అనుకున్నాం. ఇప్పుడు రెండు చేతుల వేళ్ళు, పెదవుల అంచులు, కళ్ళ చుట్టూ తెల్లబడ్డాయి. బొల్లి అని డాక్టరు చెప్పారు.

మొన్నటిదాకా మారతహళ్ళిలో ఒక పీజీలో ఉండేవాడు. అక్కడ నీళ్ళ క్యాను దగ్గర ఉండే స్టీలు గ్లాసుల్లో ఒకదానికి ఎవరో ఎర్రటి గోళ్ళరంగుతో చుక్క పెట్టారు. అది వీడి గ్లాసు అని గుర్తు. నోరు తెరిచి ఎవరూ ఏమీ అనలేదు. వాడు నాలుగు నెలలు ఆ గ్లాసుతోనే నీళ్ళు తాగాడు. సామాను తేవడానికి వెళ్ళినప్పుడు మా ఆయన ఆ చుక్క ఏమిటని అడిగితే అప్పుడు బయటపడింది.

ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. పప్పన్నం కూడా చెంచాతో తింటాడు. మా నాలుగేళ్ళ పాప "మామయ్యా" అంటూ చెయ్యి పట్టుకోబోతే జేబులో పెట్టేసుకుంటాడు. పెదవుల దగ్గర మచ్చలు కనబడకుండా గడ్డం పెంచాడు, ఆ గడ్డంలోనూ తెల్లవెంట్రుకలు వస్తున్నాయి. రాత్రిళ్ళు స్నానాలగదిలో అరగంటసేపు కొళాయి చప్పుడు వినిపిస్తుంది. పీచుతో వేళ్ళు రుద్దుకుంటున్నాడు. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలన్నారని సెలవు పెట్టేశాడు. పగలు పడుకుంటాడు, రాత్రి మేలుకుని ఉంటాడు.

అమ్మ రోజూ ఫోన్ చేసి "ఎంతవరకు తగ్గిందిరా?" అని అడుగుతుంది. నేనేమో "అది పెద్ద జబ్బేమీ కాదు, పట్టించుకోకు" అంటూ వచ్చాను. నిన్న నా వైపు తిరిగి, "అక్కా, పట్టించుకునేది నేను కాదు, ఎదుటివాళ్ళు" అన్నాడు. నాకు బదులు తోచలేదు. మీలో ఎవరికైనా ఇటువంటిది ఎదురై ఉంటే, ఏ మాట మీకు ఊరటనిచ్చిందో, ఏ మాట గుచ్చుకుందో చెప్పండి. మందుల సంగతి డాక్టరు చూస్తున్నారు.

పాత రాజాజీనగర్
ఆదివారం, రాత్రి 11:55

అమ్మా, ఆ గ్లాసు సంగతి చదివి చాలాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

నాకు అరవై ఒకటి. నాది బొల్లి కాదు, సోరియాసిస్. ముప్పై ఏళ్ళుగా ఉంది. మోచేతులు, మోకాళ్ళు, వీపు, తల. పొట్టు రాలుతుంది కనుక నల్లచొక్కా వేసుకుని ఎరగను. అన్నిటికంటే నాకు భయం సెలూన్ అంటే. పెళ్ళయిన కొత్తలో ఒకచోట మెడకు గుడ్డ కట్టి, తల చూసి, మళ్ళీ గుడ్డ విప్పేశాడు. "వేరే చోటికి వెళ్ళండి సార్" అన్నాడు. కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా నడిచిన ఆ నాలుగు అడుగులు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ తరువాత ఆరేళ్ళు మా ఆవిడే ఇంట్లో నాకు జుట్టు కత్తిరించింది.

ఏ మాట ఊరటనిచ్చిందని అడిగారు. నాకు గుర్తున్నంతవరకు మాటలేవీ లేవు. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు మా ఆవిడ ఆయింట్‌మెంటు తెచ్చుకుని మంచం అంచున కూర్చుని "ఇటు తిరగండి" అంటుంది. వీపు మీదికి నా చెయ్యి అందదు. చేతికి తొడుగు వేసుకోకుండా అరచేత్తో రాస్తుంది. రాస్తూ పాల లెక్క చెబుతుంది, పక్కవాటాలో గొడవ చెబుతుంది, మనవరాలి పరీక్షల గురించి చెబుతుంది. జబ్బు ఊసే ఉండదు. ఇన్నేళ్ళలో పదివేల రాత్రులైనా అయి ఉంటాయి. నా వీపు మనిషి ముట్టుకోదగినదేనన్న నమ్మకం నాకు ఆ అరచేతి వల్లే నిలిచింది.

2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు సోరియాసిస్ మీద ఒక తీర్మానం చేశాయి. అంటువ్యాధి కాదని అందులో స్పష్టంగా ఉంది. ఆ వార్త కత్తిరించి పర్సులో పెట్టుకుని ఒక కొత్త సెలూన్‌కు వెళ్ళాను. అతను ఆ కాగితం చదవనే లేదు. "కూర్చోండి సార్, నీళ్ళు వేడిగా కావాలా?" అన్నాడు. అప్పటినుంచి అక్కడికే వెళుతున్నాను.

మీ తమ్ముడి కోసం మాటలు వెతుక్కోకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఏదో ఒక పని చేయించండి. ఇద్దరూ కలిసి చేసేదై ఉండాలి.

వేపపూత
సోమవారం, ఉదయం 6:20

అక్కగా చెబుతున్నాను, తప్పుగా తీసుకోకండి. మా పెదనాన్న కూతురికి బావంచాలు నానబెట్టి, నూరి, మచ్చల మీద పూసి పొద్దుటి ఎండలో కూర్చోబెట్టారు. చాలావరకు తగ్గింది. చేపలు తిన్న రోజు పాలు, పెరుగు పెట్టకండి. వీలైతే కుక్కే సుబ్రహ్మణ్యలో సర్పసంస్కారం చేయించండి. పిల్లవాడు బాగుపడాలి.

నిర్వాహకులు
సోమవారం, ఉదయం 9:05

మూడు నెలల్లో పూర్తిగా నయం చేస్తామంటూ ఫోను నంబరు ఇచ్చిన ఒక సందేశాన్ని తొలగించాం. దయచేసి మందుల అమ్మకం ఇక్కడ వద్దు.

తెల్లకోటు
సోమవారం, మధ్యాహ్నం 2:30

నేను బెంగళూరులోనే చర్మవైద్యురాలిని. చూడని రోగికి మందు చెప్పను. కానీ తుంగతీరం గారు రాసిన వాటిలో కొన్నింటికి వెంటనే బదులు చెప్పాలి.

మొదటిది ఆ కొళాయి చప్పుడు. బొల్లి చురుకుగా ఉన్నప్పుడు చర్మం గీసుకున్నా, ఒరుసుకున్నా, సరిగ్గా ఆ చోటే కొత్త మచ్చ పుట్టవచ్చు. పీచుతో రుద్దడం వల్ల అతను పోగొట్టుకోవాలనుకున్నదే పెరుగుతుంది. కోప్పడకుండా ఈ ఒక్క సంగతి ఈరోజే చెప్పండి.

వేపపూత గారూ, మీ ఆప్యాయత అర్థమైంది. బావంచాల్లో ఉండే సోరాలెన్ అనే పదార్థం చర్మం మీద ఎండ ప్రభావాన్ని బాగా పెంచుతుంది. ఆ పదార్థాన్నే శుద్ధి చేసి, కొలత ప్రకారం, నియంత్రిత కాంతితో వైద్యంలో వాడుతూ వచ్చారు. ఇంట్లో నూరి పూస్తే ఎంత పడిందో, ఎంత ఎండ తగిలిందో కొలత ఉండదు. బొబ్బలెక్కి వచ్చినవాళ్ళకు నేనే కట్లు కట్టాను. ఆ బొబ్బలు మానినచోట మచ్చ మరింత పెద్దదైన సందర్భాలూ ఉన్నాయి. చేపలకూ పాలకూ బొల్లితో సంబంధం లేదు. మన రోగనిరోధక శక్తి పొరపాటున చర్మానికి రంగునిచ్చే కణాల మీద దాడి చేయడం వల్ల వచ్చేది ఇది. ప్రపంచ జనాభాలో వందకు ఒకరిద్దరికి, లేదా అంతకంటే కొంచెం తక్కువమందికి ఉంటుంది. తాకితే అంటదు, ఒకే గ్లాసులో తాగితే అంటదు.

రెండోది అమ్మగారి ప్రశ్న. 311 నానోమీటర్ల దగ్గరి కాంతితో వారానికి రెండు మూడుసార్లు ఇచ్చే నారోబ్యాండ్ యూవీబీ చికిత్సకు కూడా నెలల కాలం పడుతుంది. ముఖం మీది మచ్చలు బాగా స్పందిస్తాయి. వేలికొసలు, పెదవులు అన్నిటికంటే మొండివి. మచ్చలో వెంట్రుక కూడా తెల్లబడితే రంగు తిరిగి రావడం మరింత కష్టం. మీ తమ్ముడికి సరిగ్గా ఆ చోట్లే ఉన్నాయి. "ఎంతవరకు తగ్గింది?" అని రోజూ అడిగితే, ప్రతి రోజూ తప్పే పరీక్షకు కూర్చోబెట్టినట్టవుతుంది. అమ్మగారు ప్రేమతోనే అడుగుతున్నారు. కనుక మానేయమనే బదులు, వేరే ప్రశ్న ఒకటి ఆమెకు అందించండి.

మూడోది, థైరాయిడ్ పరీక్ష చేయించారా? బొల్లి ఉన్నవారిలో థైరాయిడ్ లోపం మామూలు కంటే ఎక్కువగా కనబడుతుంది. ఆ లోపం ఒక్కటే మనిషిని నీరసంగా, దిగులుగా, నిద్రమత్తుగా చేయగలదు. చిన్న రక్తపరీక్షతో తేలిపోతుంది.

అసలు విషయం కుంగుబాటు. మచ్చ ఎంత పెద్దదో దిగులూ అంతే ఉంటుందని లేదు. ఒళ్ళంతా తెల్లబడినా హాయిగా ఉన్నవారిని చూశాను, కనుబొమ పక్కన అంగుళం మచ్చతో గది దాటనివారినీ చూశాను. ఇంట్లో, స్నేహంలో తనను నిలబెట్టేవారు ఉన్నారన్న నమ్మకం ఎంత ఉందన్నది చాలా తేడా తెస్తుంది. కానీ రెండు వారాలకు మించి నిద్ర తలకిందులై, పని మానేసి, దేనిమీదా ఇష్టం లేకుండా ఉంటే దానికి విడిగా వైద్యం కావాలి. మచ్చ తగ్గాక దిగులూ పోతుందిలే అని ఆగకండి. నా దగ్గరికి వచ్చేవారికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం ఇస్తాను. అందులో చివరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. మీరూ ఆ మాట సూటిగా అడగండి. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. చెప్పుకోవడానికి ఒక మనిషి దొరికారని తెలుస్తుంది.

14416కు ఏ వేళలోనైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్ ఇది, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, తెలుగులో మాట్లాడతారు. మీరు ఉండే బీటీఎంలోనే మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వారి సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్ ఉంది. హోసూరు రోడ్డులోని వారి పెద్దాసుపత్రి పేరు వింటే జంకేవారు కూడా అక్కడికి వెళ్ళగలుగుతారు.

పున్నాగ
సోమవారం, రాత్రి 9:15

నాకు ముప్పై ఒకటి. పద్నాలుగో ఏట నుంచి ముఖం మీద, చేతుల మీద బొల్లి. గుచ్చుకున్న మాటలు అడిగారు కదా.

"నువ్వు ఎలా ఉన్నా అందంగానే ఉన్నావు." నేను అడగకుండానే చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ, వాళ్ళు ముందు మచ్చనే చూశారని తెలిసేది. ఇంకొకటి, విన్నీ హార్లో ఫోటోలు పంపడం. బొల్లితోనే పేరు తెచ్చుకున్న కెనడా మోడల్ ఆమె. ఆమె ధైర్యం అంటే నాకు గౌరవం. కానీ నేను ఏ వేదికా ఎక్కనక్కరలేదు. సిల్క్‌బోర్డు దగ్గర బస్సెక్కి, పక్కసీటు మనిషి లేచిపోకుండా ఆఫీసుకు చేరగలిగితే నాకు చాలు.

అన్నిటికంటే లోతుగా దిగినది మా అమ్మ మాట. పెళ్ళిళ్ళకు బయలుదేరేటప్పుడు "నువ్వు రాకపోయినా ఫరవాలేదమ్మా, అందరూ అడుగుతారు, నీకే ఇబ్బంది" అనేది. నన్ను కాపాడుతున్నాననే అనుకుంది. పదేళ్ళ కుటుంబ ఫోటోల్లో నేను లేను.

ఇక ఊరట. స్నేహితురాలి పెళ్ళికి ముందురోజు మల్లేశ్వరంలో వాళ్ళింట్లో అందరికీ గోరింటాకు పెడుతున్నారు. పెట్టే అమ్మాయి నా చెయ్యి చూసి కోను కింద పెట్టేసింది. పెళ్ళికూతురు గబగబా వచ్చి నా పక్కన కూర్చుని, తన చేతిని నా చేతికి ఆనించి పరిచింది. "ఒకే తీగ వెయ్యి. నా మణికట్టు దగ్గర మొదలుపెట్టి దాని మణికట్టు దగ్గర ముగించు" అంది. గంటన్నర మేమిద్దరం కదలకుండా కూర్చున్నాం. మర్నాడు చూస్తే తెల్లని చోట గోరింట ఇంకా ఎర్రగా కనబడింది.

అయినా ఒక మాట చెప్పాలి. అంతటి స్నేహితురాలు ఉండి కూడా నాకు మందులు అవసరమయ్యాయి. ఎనిమిది నెలలు వాడాను. నన్ను మొదటిసారి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళి, బయట బల్ల మీద రెండు గంటలు కూర్చున్నది కూడా ఆమే.

చిత్రావతి
మంగళవారం, ఉదయం 7:45

నా అభిప్రాయం కొంచెం వేరు. మా నాన్నగారికి ముప్పయ్యో ఏట నుంచి బొల్లి ఉండేది. అనంతపురం జిల్లాలో బడిపంతులు. డాక్టర్లూ లేరు, కౌన్సెలింగులూ లేవు. ఏనాడూ కుంగిపోలేదు, బడి మానలేదు, మమ్మల్ని నలుగురినీ చదివించారు. మనసు గట్టిగా ఉంటే ఏదీ ఏమీ చేయదు. ఈ పిల్లలకు మనమే మరీ సున్నితం నేర్పుతున్నామేమో ఆలోచించండి.

పాత రాజాజీనగర్
మంగళవారం, ఉదయం 10:10

చిత్రావతి గారూ, మీ నాన్నగారు గొప్పవారు, సందేహం లేదు. ఒక్కటి అడుగుతాను. ఆయన పెళ్ళి బంతిలో నలుగురి మధ్య కూర్చుని భోంచేయడం మీరు చూశారా?

మైలాపూరు తెలుగు
మంగళవారం, సాయంత్రం 5:00

చెన్నై నుంచి రాస్తున్నాను. పేరు గురించి ఒక మాట. ఇక్కడ తమిళంలో పూర్వం దీన్ని వెణ్‌కుష్టం, అంటే తెల్లకుష్టు, అనేవారు. ఇప్పుడు వెణ్‌పుళ్ళిగళ్ అంటున్నారు, అంటే తెల్లచుక్కలు. మీ ఊళ్ళో కన్నడంలో తొన్ను అంటారు. మన తెలుగులో బొల్లి అన్నది జబ్బు పేరే అయినా, దాన్ని తిట్టుగా వాడి వాడి ఆ మాటకు ముల్లు మొలిపించారు. పెద్దవాళ్ళు కొందరు తెల్లకుష్టు అని కూడా అంటారు. నేను మా ఇంట్లో తెల్లమచ్చలు అనే అంటాను.

కుష్ఠుతో కలపవద్దని చెప్పేటప్పుడు, కుష్ఠు ఉన్నవారిని దూరం పెట్టడం సబబే అన్నట్టు మాట జారకూడదు. బహుళ ఔషధ చికిత్సతో అది పూర్తిగా నయమవుతుంది. భార్యాభర్తల్లో ఒకరికి కుష్ఠు ఉంటే విడాకులు కోరవచ్చన్న నిబంధనను 2019లో చట్టాల నుంచి తీసివేశారు.

తుంగతీరం
గురువారం, రాత్రి 11:20

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

రాజాజీనగర్ బాబాయి గారి మాట ప్రకారం నిన్న బజారు నుంచి బుట్టెడు అనపకాయలు తెచ్చాను. గింజలు ఒలిచి నానబెట్టి, ఈ సాయంత్రం పితికిపప్పు చేద్దాం రారా అని పిలిచాను. కర్నూలులో అమ్మ చేసేది. ఒక్కొక్క గింజనూ రెండు వేళ్ళ మధ్య నొక్కితే తోలు ఊడి పప్పు గిన్నెలోకి దూకుతుంది. జేబులో చేతులు పెట్టుకుని చేసే పని కాదది. పది నిమిషాలు నిలబడి చూశాడు. తరువాత కింద కూర్చుని గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. రెండేళ్ళ తరువాత వాడి వేళ్ళను అంత దగ్గరగా, వెలుతురులో చూశాను. బొటనవేలి పక్కన రుద్ది రుద్ది తోలు లేచిపోయి ఉంది. డాక్టర్ గారు చెప్పినది చెప్పాను. "రుద్దితే పెరుగుతుందా?" అని రెండుసార్లు అడిగాడు.

సగం గిన్నె అయ్యాక, తలెత్తకుండానే, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని అడిగాను. నా గొంతు వణికింది. వాడు గింజలు పితుకుతూనే, "చావాలని కాదక్కా. పొద్దున మెలకువ రాకపోతే బాగుండు అనిపిస్తుంది" అన్నాడు. ఎంతకాలం నుంచి అంటే, ఆ గ్లాసు కాలం నుంచి అన్నాడు. మా ఆయన వచ్చేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

తెల్లకోటు
గురువారం, రాత్రి 11:48

తుంగతీరం గారూ, మీరు అడిగి చాలా మంచి పని చేశారు. మెలకువ రాకపోతే బాగుండు అన్న ఆలోచననూ తేలికగా తీసుకోకూడదు. రేపే తీసుకువెళ్ళండి, సోమవారం దాకా ఆగవద్దు. ఈ రాత్రి అతన్ని ఒంటరిగా వదలకండి, మీ వారు ఆ గదిలోనే పడుకుంటే మంచిది. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ మీ దగ్గర పెట్టుకోండి. ఏ క్షణమైనా భయం వేస్తే 14416కు మీరైనా ఫోన్ చేయవచ్చు. పరిస్థితి అత్యవసరం అనిపిస్తే, వేళ చూడకుండా దగ్గరలోని పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళండి.

పున్నాగ
శుక్రవారం, ఉదయం 6:05

వెళ్ళేటప్పుడు అతనితో "నీకు వైద్యం చేయిద్దాం" అనకండి, "నేను కూడా వస్తాను" అనండి. మొదటిరోజు నాకు ఆ తేడాయే కాళ్ళు కదిలేలా చేసింది.

లెక్కలపుస్తకం
శుక్రవారం, మధ్యాహ్నం 1:30

నేను ఒక కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూస్తాను. మీ తమ్ముడు సెలవు పత్రంలో జబ్బు పేరు తోటి ఉద్యోగులకు తెలిసేలా రాయనక్కరలేదు, డాక్టరు పత్రం సరిపోతుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, బీమా సంస్థలు మానసిక వ్యాధులకు కూడా శారీరక వ్యాధులతో సమానంగా బీమా కల్పించాలి. పాలసీ కాగితం ఒకసారి చూసుకోండి. రాజీనామా మాత్రం ఇప్పుడు తొందరపడి ఇవ్వనివ్వకండి.

చిత్రావతి
శనివారం, రాత్రి 8:50

రాజాజీనగర్ పెద్దాయన ప్రశ్న మూడు రోజులు నన్ను వదల్లేదు. ఈరోజు హిందూపురంలో ఉన్న అమ్మకు ఫోన్ చేసి అడిగాను.

నాన్న ఏ పెళ్ళిలోనూ బంతిలో కూర్చోలేదట. తాళి కట్టే దాకా ఉండి, అక్షింతలు వేసి, ఆకులు వేసే వేళకు ఏదో పని ఉందని లేచి వచ్చేవారట. ఇంటికి వచ్చి వంటింట్లో పీట వేసుకుని మజ్జిగన్నం తినేవారట. నా పెళ్ళికి కూడా అంతేనట. నా పెళ్ళిలో మా నాన్న భోంచేయలేదన్న సంగతి నాకు ఈరోజు దాకా తెలియదు. "ఎందుకు చెప్పలేదమ్మా?" అంటే, "ఆయన చెప్పవద్దన్నారు" అంది.

మనసు గట్టిగా ఉండాలని నేను రాసిన మాటను వెనక్కి తీసుకుంటున్నాను. తుంగతీరం గారూ, క్షమించండి.

వేపపూత
ఆదివారం, ఉదయం 7:00

డాక్టర్ గారూ, బావంచాల గురించి తెలియక రాశాను. మా వాళ్ళకూ చెబుతాను. గుళ్ళకు వెళ్ళడం కూడా తప్పేనా?

పున్నాగ
ఆదివారం, ఉదయం 9:40

వేపపూత గారూ, నేను చెప్పనా? ఇంటర్ అయిపోయిన ఏడు మా అమ్మ నన్ను అరసవల్లి తీసుకువెళ్ళింది. సూర్యనారాయణస్వామిని కొలిస్తే చర్మవ్యాధులు పోతాయని నమ్మకం. మచ్చలు పోలేదు. కానీ ఆ ప్రయాణంలో మొదటిసారి అమ్మ నన్ను దాచకుండా, పొట్టిచేతుల జాకెట్టుతో, నలుగురిలో చెయ్యి పట్టుకుని నడిపించింది. క్యూలో ఒకావిడ "ఏమైందమ్మా పిల్లకు?" అంటే, తడుముకోకుండా "తెల్లమచ్చలమ్మా, అంటేవి కావు" అంది. ఆ ఒక్క వాక్యం కోసం నేను మళ్ళీ అరసవల్లి వెళతాను. ఎప్పుడో చేసిన తప్పుకు ఇది శిక్ష అని చెప్పే చోటికి మాత్రం ఆ పిల్లవాడిని తీసుకువెళ్ళకండి.

తుంగతీరం
తొమ్మిది రోజుల తరువాత, మంగళవారం, ఉదయం 8:15

ఆలస్యానికి క్షమించండి. ఆ శుక్రవారమే వెళ్ళాం. మందు మొదలుపెట్టారు. పూర్తిగా పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు, వారానికోసారి మాట్లాడడానికి రమ్మన్నారు. రెండోసారి వాడే ఆటో పిలిచాడు. థైరాయిడ్ పరీక్ష మామూలుగానే వచ్చింది. నిద్ర కొంచెం కుదుటపడింది. చెంచా ఇంకా వదల్లేదు, నేనూ అడగడం లేదు. కొళాయి చప్పుడు మాత్రం ఆగింది.

అమ్మకు డాక్టర్ గారి మాట చెప్పాను. మొదట ఏడ్చింది. ఇప్పుడు ఫోన్ చేసి "ఏమి వండుకున్నారు?" అని అడుగుతోంది. మొన్న వాడు పితికిపప్పులో కారం ఎంత వేయాలని అమ్మను ఎదురు ప్రశ్న అడిగాడు. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు.

ఆ ఎర్రచుక్క గ్లాసు మా ఆయన ఆరోజే తెచ్చి అటక మీద పెట్టారు. నిన్న పాప దాన్ని దించి, చుక్క బొట్టులా ఉందని, ఇకనుంచి అది తన గ్లాసు అంటోంది. తీసుకోబోతే తమ్ముడు "ఉండనీ అక్కా" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. బాబాయి గారూ, మీరు రాసినదంతా వాడికి చదివి వినిపించాను. మీ సెలూన్ గురించి రాసిన చోట మళ్ళీ చదవమన్నాడు. ఇవాళ పొద్దున గడ్డం తడుముకుంటూ వచ్చి, "ఆ రాజాజీనగర్ ఆయన వెళ్ళే చోటు ఈరోజు తెరుస్తారా, కనుక్కో" అన్నాడు.

పాత రాజాజీనగర్
మంగళవారం, ఉదయం 8:22

మంగళవారం మూసి ఉంటుందమ్మా. రేపు ఉదయం ఏడున్నరకు రమ్మనండి, అప్పుడు రద్దీ ఉండదు. రాజాజీనగర్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర నిలబడి ఉంటాను. తెల్లచొక్కా, చేతిలో గొడుగు. నాకూ జుట్టు పెరిగింది.